జాంగల మృగములు, ఒక ప్రాణిశాస్త్రజ్ఞుని యాత్ర, మన కలివికోడి

(ప్రొద్దుటూరున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)

  

ప్రతి సంవత్సరమును నన్ను విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుమని కోరుట, నేను మాటలాడుట, మీరు ఓర్పుతో వినుట పరిపాటియైనది. ఆ యుపన్యాసము నాకంటె మీకే బాగుగా కంఠస్థమై యుండును. కావున ఈ పర్యాయము వేరొక విషయము చెప్పుటకు అనుజ్ఞ వేడితిని. కార్యదర్శిగారు "ఎడారి జంతువులను గూర్చి మన సభలో నెవరు విందురు మాస్టారూ?" అని నవ్విరి. విందురో వినరో తెలియదు గాని, రేపటి కార్యక్రమపత్రమున మూడవ తీర్మానము ఈ జంతువులకు సంబంధించినదే. అది యెట్లో చివర మనవి చేసెదను.

నేను ప్రాణిశాస్త్రము చదివినవాడను కాను. సంస్కృతము చదివి, పిల్లలకు శబ్దములును ధాతువులును వల్లె వేయించి, ఉద్యోగవిరమణ చేసినవాడను. విరామకాలమున కొన్ని గ్రంథములు చదివితిని. మా శాస్త్రము నుండియే ఒక పదముతో ప్రారంభింతును. ఆ పదము "జాంగలము".

జంగలమనిన నేడు మనకు దట్టమైన అడవి స్ఫురించును. ఇంగ్లీషువారును హిందీనుండి ఆ పదమును గైకొని, సూర్యరశ్మి చొరరాని కీకారణ్యమునకు దానిని వాడిరి. కాని చరకాదులు దేశమును జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు విధములుగా విభజించినప్పుడు జాంగలమనగా సరిగా దీనికి విపరీతము. ఆకాశము విరివిగా కనబడునది, నీరు తక్కువగా నుండునది, చండ్ర, రేగు, జమ్మి మొదలగు చెట్లు ఎడనెడ నిలిచియుండునది, జింకలు తిరుగునది జాంగలదేశము. అది ఆరోగ్యకరమనియు, రాజు నివసింపదగినదనియు మన పూర్వులు వ్రాసిరి. కృష్ణసారమృగము స్వేచ్ఛగా సంచరించు భూమి యజ్ఞార్హమని మనుస్మృతి చెప్పును. ఇట్టి గౌరవమునందిన భూమికి మనము పెట్టిన పేర్లేవి? బీడు, బంజరు, కంపభూమి. గండికోట చుట్టునున్న రాతినేలయు, పులివెందుల గుట్టల పాదములును, లంకమల క్రింది పొదలును అన్నియు ఈ యొక్క మాటలో పడిపోయినవి. కడపజిల్లాలో సాలుకు రమారమి 700 మిల్లీమీటర్ల వర్షము పడును గనుక శాస్త్రరీత్యా ఇది ఎడారి కాదు. అయినను ఎడారి మృగముల బంధువర్గము ఇచ్చట కాపురమున్నది. అది యెక్కడినుండి వచ్చినది, ఎప్పుడు వచ్చినది అను ప్రశ్న వెంట జీవితమంతయు నడచిన మహాశయుని కథ ఇక చెప్పెదను.

ఆయన పేరు విలియం థామస్ బ్లాన్‌ఫర్డు. 1832లో లండను నగరమున జన్మించెను. 1855లో తన సోదరుడు హెన్రీతో కూడ భారత భూగర్భశాస్త్ర శాఖలో చేరెను. హెన్రీ తరువాత ఈ దేశపు వాతావరణశాస్త్రమునకు పునాదులు వేసినవాడు. విలియముగారి ఉద్యోగము రాళ్లను చూచుట, బొగ్గును వెదకుట. ఒడిస్సాలోని తాల్చేరు బొగ్గుపొరల క్రింద నున్న గుండ్రాళ్లు హిమప్రవాహముల వలన వచ్చినవని ఆ సోదరులు ఊహించి చెప్పినప్పుడు పండితలోకము ఆశ్చర్యపడెను. ఈ ఎండల దేశమున మంచుగడ్డలా యని! అది నిజమని పిమ్మట స్థిరపడినది. రాళ్లు ఆయనకు జీతము. జంతువులు ఆయనకు వ్యసనము. డేరా యెక్కడ వేసిన అక్కడ నత్తలను, తొండలను, పక్షులను, ఎలుకలను సేకరించి, పేరు వ్రాసి, చోటు వ్రాసి, తేదీ వ్రాసి భద్రపరచెడివాడు. చోటు వ్రాయని నమూనా చేవ్రాలు లేని దస్తావేజు వంటిదని మన కరణములకు వేరుగ చెప్పనక్కరలేదు.

1867-68లో ఇంగ్లీషుసైన్యము అబిసీనియా రాజుపై దండెత్తినప్పుడు బ్లాన్‌ఫర్డును వెంట పంపిరి. ఆ దేశమే నేటి ఇథియోపియా. యుద్ధము ముగిసినను ఆయన వెంటనే మరలక జంతువులను పరిశీలించుచు కొంతకాలము నిలిచెను. 1870లో ఆ దేశపు భూగర్భమును, జంతుజాలమును గూర్చి గ్రంథము ప్రకటించెను. అటుపిమ్మట గోదావరీ ప్రాంతము. 1872లో పారసీక సరిహద్దు నిర్ణయించు సంఘముతో బలూచిస్తానము మీదుగా తూర్పు పారసీకమునంతయు గుఱ్ఱములమీదను, ఒంటెలమీదను గడచెను. ఆ మీదట సింధుదేశము, థారు ఎడారి. ఈ స్థలములను పటముమీద వరుసగా గుర్తించి చూడుడు. ఆఫ్రికా కొమ్మునుండి అరేబియా ప్రక్కగా పారసీకము, బలూచిస్తానము, సింధు, థారు, అచ్చటనుండి దక్కను వరకు ఎండునేలల వడ్డాణమొకటి కానవచ్చును. ఆ వడ్డాణములో పెక్కుభాగమును తన కాళ్లతో కొలిచినవాడు ఆయన. జంతువులు లక్షల యేండ్లలో చేసిన యాత్రను ఈయన సర్కారు జీతము మీద పది పన్నెండేండ్లలో చేసెను.

ఆ యాత్రాఫలము ఒక వాదము. 1876లో ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలేసు భూమండలమునందలి జంతువుల పంపకమును గూర్చి మహాగ్రంథము వెలువరించెను. డార్విను మహాశయునితో సమకాలమున ప్రకృతివరణ సిద్ధాంతమును కనుగొన్న ఘనుడు వాలేసు. ఆయన భారతదేశమును తూర్పుదేశముల అడవి మండలముతో కలిపి, ఆఫ్రికా పోలికలకు తగినంత విలువ నీయలేదు. బ్లాన్‌ఫర్డు అదే సంవత్సరము "భారతదేశ జంతుజాలమున ఆఫ్రికా అంశము" అను అర్థము గల వ్యాసము వ్రాసి వాలేసును ఖండించెను. మలయాద్రి తడి అడవులలోని జంతువులకు మలయా ద్వీపములతో చుట్టరికమున్నమాట నిజమే; కాని మన మెట్టభూములలోని ప్రాణులు వేరొక కుటుంబమునకు చెందినవని ఆయన పక్షము. జింకల వర్గమును చూడుడు, దుమ్ములగొండిని చూడుడు, ఇసుకనేలలో పరుగులు తీయు పక్షులను చూడుడు. వీరి జ్ఞాతులు పడమట నున్నారు, తూర్పున లేరు. ఒక మహాపండితుని గ్రంథము వెలువడిన యేడాదియే ఎదురు నిలుచుట సాహసము. అయితే వాలేసు చేతిలో గ్రంథములు, మ్యూజియముల పట్టికలు ఉండెను. బ్లాన్‌ఫర్డు చేతిలో ఆ నేల ధూళి యుండెను. ఇది నా అభిప్రాయము. వాలేసు భక్తులు క్షమింతురు గాక.

మెట్టభూములన్నియు ఒకప్పుడు ఒకే వస్త్రము వలె కలిసియుండుట, వానలు పెరిగిన యుగములలో అడవి చొచ్చుకొనివచ్చి ఆ వస్త్రము చినిగిపోవుట, వానలు తగ్గినప్పుడు మరల అతుకుట అనునవి పలుమార్లు జరిగినవి. చినిగిన తునకలలో చిక్కిన ప్రాణి సంతతి తన చోటునకు తగినట్లు మారుచు మారుచు వేరు జాతియగును. పరిణామమనగా ఇంతే. మనలోనే గుంటూరునకు పోయి స్థిరపడినవారి మాటతీరు రెండు మూడు తరములలో మారిపోవుట చూచుచునే యున్నాము గదా!

ఆయన పేరు మోయుచున్న చిన్ననక్క యొకటి కలదు. చెవులు పెద్దవి, తోక కుచ్చు వలె నుండును, ఎండిన కొండరాళ్లలో పిల్లివలె దూకును. 1877లో బలూచిస్తానపు నమూనాను పట్టి బ్లాన్‌ఫర్డు దానిని లోకమునకు తెలిపెను. ఒక శతాబ్దమువరకు అది ఆ ప్రాంతములకే పరిమితమని అందరును తలంచిరి. 1981లో ఇస్రాయేలు దేశమున కనబడెను. తరువాత అరేబియాలోను, ఐగుప్తులోని సినాయి కొండలలోను కనబడెను. అనగా ఆయన చెప్పిన వడ్డాణము వెంబడి ఆయన నక్కయే నడచి సాక్ష్యమిచ్చినది. అప్పటికి ఆయన గతించి 76 ఏండ్లు.

1882లో ఉద్యోగము విడిచి స్వదేశమునకు పోయిన పిమ్మట బ్రిటిషిండియా జంతుజాలమను గ్రంథమాలకు సంపాదకుడై, క్షీరదములను తానే వ్రాసి, పక్షుల సంపుటములలో రెంటిని 1895, 1898లలో ముగించెను. 1901లో ఈ దేశపు వెన్నెముక గల ప్రాణుల పంపకమును గూర్చి తుది వ్యాసము ప్రకటించెను. 1905లో మరణించెను. పాతికేండ్లకుపైగా డేరాలలోను, అంతకు కొంచెము తక్కువగా గ్రంథములలోను గడపిన జీవితము. వేరొక విశేషము చెప్పదగినది లేదు.

ఇక మన యింటి గడపకు వత్తము. కర్నూలు సీమలో, నేటి నంద్యాలజిల్లాలో, బేతంచెర్ల దగ్గర బిల్లసర్గము గుహలు కలవు. 1880వ దశకమున రాబర్టు బ్రూస్ ఫూటును, ఆయన కుమారుడు హెన్రీయును ఆ గుహలలోని మన్ను త్రవ్వించి వేలకొలది ఎముకలు తీసిరి. 1886లో లిడెక్కరు అను పండితుడు వానిని పరిశీలించి కొన్నింటిలో ఆఫ్రికా మృగముల పోలికలు కలవని చెప్పెను. ఇటీవల కొందరు పరిశోధకులు అచ్చటనే మరల త్రవ్వి, 2014లో ఫలితములు ప్రకటించిరి. రెండులక్షల యేండ్ల పొరలలో తాము గుర్తించిన 21 మృగవర్గములలో 20 నేటికిని మన ఉపఖండమున బ్రతికియున్నవట! హిమయుగములు వచ్చినవి, పోయినవి. వానలు హెచ్చినవి, తగ్గినవి. మానవుడు రాతిగొడ్డలితో ప్రవేశించెను. అయినను 21లో 20 నిలిచినవి. పోయినది యేదనగా గెలాడా అను కోతిజాతి బంధువు. అది నేడు ఇథియోపియా ఉన్నతభూములలో తప్ప మరెచ్చటను లేదు. బ్లాన్‌ఫర్డు పోయిన అబిసీనియా కోతి మన బేతంచెర్ల గుహలో ఎముకయై యున్నదని చదివిననాడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని.

మరియొక సంగతి. మన కంపభూములన్నియు నరికివేసిన అడవుల శిథిలములనియు, చెట్లు నాటి వానిని ఉద్ధరింపవలెననియు చాలమంది యనుకొందురు. నేనును పాఠములో అట్లే చెప్పితిని. కాని ఈశాన్ అగర్వాల్, ఉమా రామకృష్ణన్ అను శాస్త్రజ్ఞులు మైదానములలో తిరుగు చిన్న బల్లులను దేశమంతట సేకరించి, వాని రక్తసంబంధములను లెక్కగట్టి, మన గడ్డిభూములును పొదల నేలలును మిక్కిలి పురాతనములని 2017లో చూపిరి. గొడ్డలి పుట్టకముందే జాంగలము కలదన్నమాట.

ఇప్పుడు కలివికోడి. పేరు కోడియైనను కోడి కాదు. జానెడు మీద కొంచెము ఎత్తుండు పొడుగుకాళ్ల పక్షి. రొమ్మున రెండు పట్టెలు, కంటిపై తెల్లని కనుబొమ్మ. పగలెల్ల కలివిపొదల నీడలో కదలక కూర్చుండి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పరుగులు తీయుచు పురుగుల నేరుకొనును. నెల్లూరున వైద్యుడుగా నుండిన థామస్ జెర్డను నెల్లూరు, కడప కొండల ప్రాంతమున దీనిని కనుగొనెను. 1848లో దీనికి శాస్త్రీయనామము కలిగెను. గోదావరీతీరమున సిరొంచ, భద్రాచలము ప్రాంతములలో దీనిని చూచినవాడెవరనుకొన్నారు? మన బ్లాన్‌ఫర్డే. దీని దగ్గరి జ్ఞాతులందరును ఆఫ్రికాలో నున్నారు. ఆయన వాదమునకు ఇంతకంటె చక్కని సాక్షి నాకు కనబడదు. 1900లో అనంతపురము దగ్గర ఒకరికి కనబడిన తరువాత ఇది మాయమయ్యెను. అంతరించినదని గ్రంథములు వ్రాసికొనెను.

ఇచ్చట నా దోషమొకటి సభాముఖమున ఒప్పుకొనవలసియున్నది. 1983లో నాకు 23 ఏండ్లు. బద్వేలు వైపున ఒక పాఠశాలలో క్రొత్తగా చేరియుంటిని. ఎనిమిదవ తరగతిలో పక్షుల పర్యాయపదములు చెప్పించుచుండగా, మేకలకాపరి కుమారుడొకడు లేచి, "అయ్యోరా, రాత్రిపూట కలివిచెట్ల కింద ఉరికే కోడి ఒకటుంది, దానిపేరు పుస్తకంలో ఏమని ఉంది?" అని యడిగెను. అమరకోశమున లేని పక్షి లోకమున నుండదని నా నాటి నమ్మకము. వాడు కోతలు కోయుచున్నాడని తలంచి గోడకుర్చీ వేయించితిని. తరగతియంతయు నవ్వెను. వాడు మరుసటి సంవత్సరము చదువు మానెను. దానికి ఇదియే కారణమని నేననను, కాదనియు ననలేను.

1986 జనవరిలో లంకమల క్రింద రెడ్డిపల్లె ప్రాంతమున కలివికోడి దొరికినదని పత్రికలలో పడెను. బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘమువారి తరఫున భరత్ భూషణ్ అను యువశాస్త్రజ్ఞుడు పల్లెపల్లెకు పక్షిచిత్రములు చూపుచు వెదకెను. గ్రంథములు లేదన్న పక్షిని ఆయనకు చూపినవారు వేటతో పొట్టపోసికొను నిరక్షరులు. వృద్ధుడైన సలీం అలీ పండితుడు విమానమెక్కి వచ్చెను. పట్టుబడిన పక్షి మాత్రము బ్రతుకలేదు. ఆ పత్రిక చేతబట్టుకొని నేను పాఠశాల వరండాలో నిలిచియుండగా, తోటి ఉపాధ్యాయులు ఎంత సంతోషించిరో నాకు గుర్తు. నేను ఎవరికిని ఏమియు చెప్పలేదు.

తరువాతి చరిత్ర క్లుప్తముగా. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. జగన్నాథన్ మొదలగు పరిశోధకులు నేలపై మెత్తని మట్టిపట్టీలు పరచి అడుగుజాడలను పట్టి, కూతను యంత్రమున బంధించి ఈ పక్షి నివాసమును శోధించిరి. ఎత్తైన పొదలు హెక్టారునకు 300 నుండి 700 వరకు ఉన్న చోటనే ఇది ఎక్కువగా నుండునట. అతి దట్టమైనను ఉండదు, పొదలను పెరికివేసినను ఉండదు. కొద్దిపాటి మేకల మేత దీనికి అపకారము చేయదు. తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పొదలలోనికి వచ్చినప్పుడు పెద్ద వివాదము జరిగి మార్గమును మార్చవలసివచ్చెను. నీరు వద్దనువాడు రాయలసీమలో పుట్టినవాడు కాడు. కాని కాలువను జరుపవచ్చును, కలివికోడిని జరుపలేము. అభయారణ్యము వెలుపల పొదలను పెరికి నిమ్మతోటలు వేయుట వేరొక నష్టము. ఇట్లుండగా ఇంచుమించు పదియైదేండ్లు దీని జాడ నిశ్చయముగా దొరకలేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షిపరిశీలకులు ఆంధ్రప్రదేశమున దీని కూతను మరల విని యంత్రమున గ్రహించిరి.

ఆ వార్త చదివి నేను ఉండలేకపోతిని. విచారించి ఆ పాత శిష్యుని ఊరు కనుగొని పోతిని. వానికిప్పుడు మనుమలు. నన్ను గుర్తించి మంచము వాల్చి మజ్జిగ తెప్పించెను. నేను చెప్పవలసిన మాట చెప్పితిని. వాడు నవ్వి, "గోడకుర్చీ ఒక్కటేనా అయ్యోరా మీరేసింది! దానికే ఇంతదూరం వచ్చినారా?" అనెను. ఆ పక్షి మాట యెత్తగా మాత్రము నవ్వు మాని, "నా చిన్నప్పుడు మూడు చోట్ల కూసేది. రెండు చోట్ల ఇప్పుడు నిమ్మచెట్లు" అనెను. మూడవ చోటు చూపుమంటిని. సాయంకాలము నన్ను నడిపించుకొనిపోయి ఒక గట్టుమీద కూర్చుండబెట్టెను. చీకటి పడెను. అడవికోడిగాండ్రు కూసినవి, దూరమున నక్క అరచెను. మేము వినదలచినది వినబడలేదు. "ఒక రాత్రి వినపడకుంటే లేదని కాదు" అని వాడు దీపము వెలిగించెను.

మహాజనులారా! మేము కూర్చున్న గట్టునకు ఎదుటనున్న పొదల నేల ఎవరిదో తెలియునా? మన సంఘమునకు ఒక దాత వ్రాసియిచ్చిన 11 ఎకరముల కంపభూమి అది. రేపటి మూడవ తీర్మానము ఆ భూమిని యంత్రములతో చదును చేయించి, నిమ్మతోట నాటి, ఆదాయమును మన విద్యార్థి వసతిగృహమునకు వినియోగించుటను గూర్చినది. ఉద్దేశము మంచిది, వసతిగృహమునకు ధనము కావలెననుటలో నాకంటె ఆతురత గలవాడు ఈ సభలో లేడు. అయినను నిమ్మచెట్టు నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. కావున ఒక్క సంవత్సరము ఆగుడని నా ప్రార్థన. ఈలోగా అటవీశాఖవారికి జాబు వ్రాసి, పక్షుల నెరిగినవారిని రప్పించి, వర్షాకాలమును చలికాలమును రాత్రులయందు అచ్చట కూతలు గ్రహించు యంత్రము నుంచుదము. కావలికి ఆ శిష్యుడు సమ్మతించెను; జీతమడుగలేదు గాని, ఇచ్చుట మన ధర్మము. అది నా పింఛనునుండి ఇత్తును. మన పిల్లలలో ప్రాణిశాస్త్రము చదువుచున్నవారు ఇద్దరు ముగ్గురున్నారని విన్నాను. వారు సెలవులలో వచ్చి లెక్కలు వ్రాసికొనవచ్చును, చోటును తేదీయును మరువకుండ.

యంత్రములవానికి బయానా యిచ్చియున్నారని కోశాధికారిగారు చెప్పిరి. ఆ సొమ్ము ఎంతయో నాకు తెలిపినచో రేపు సభ ప్రారంభమగులోపల చెల్లింతును. ఉదయపు బండికి పోవలెననుకొంటిని గాని, మూడవ తీర్మానము వరకు ఇచ్చటనే యుందును.